పర్వాలేదన్న భుజం
రబ్బరు పట్టీ ఒక కొస తలుపు పిడికి కట్టి ఉంది. మోచెయ్యి నడుముకు ఆనించి రెండో కొసను బయటికి లాగాలి. సగం లాగేసరికి డెల్బర్ట్ భుజంలో కత్తి దిగినట్టయింది. పట్టీ వదిలేశాడు. అది వెళ్లి తలుపుకు ఫట్‌మని తగిలింది.

"తలుపేం చేసింది పాపం?" అంది అతని భార్య ఒడెట్.

"వ్యాయామం నేర్పే ఆ పిల్లకి పని రాదు. నాశనం చేస్తోంది నన్ను. పద, ఇవాళ అడిగేస్తా."

ఏప్రిల్‌లో సముద్రంలో లాబ్‌స్టర్ రొయ్యలు పట్టే బోను లాగుతుండగా తాడు చిక్కుకుని అతని భుజం కండరం చిరిగింది. వచ్చేది నవంబరు ఆఖరి సోమవారం, ఆ రోజు మళ్లీ వేట మొదలు. బావమరిది హ్యూబర్ట్ పడవలో అంచున నిలబడి బోన్లు అందుకునే చోటు ఎన్నో ఏళ్లుగా డెల్బర్ట్‌దే. ఆ చోటు పోకూడదు. అందుకే వ్యాయామం ఒక్క పూట మానలేదు. పట్టీ పసుపు నుంచి ఎరుపుకు, ఆకుపచ్చకు, నీలానికి మారింది. రంగు మారినకొద్దీ బిగువెక్కువ. ఇప్పుడు కెటిల్ కూడా ఎత్తలేకపోతున్నాడు.

ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే ట్రినా గోధుమ పొలాల వైపు నుంచి వచ్చిన మనిషి, రేవు వాళ్ల మాటతీరు తెలియదు. అతను అరిచినంతసేపూ విన్నది.

"ప్రతిసారీ ఎలా ఉందని అడిగాను కదండీ. పర్వాలేదన్నారు. అందుకే పట్టీ మార్చాను."

"పర్వాలేదంటే పర్వాలేదని కాదమ్మా!"

"మరి?"

ఒడెట్ అందుకుంది. "ఇంజన్ ఆగి పడవ రాళ్ల మీదికి కొట్టుకుపోతుంటే ఈయన రేడియోలో ఏమన్నాడో తెలుసా? పర్వాలేదు, కాస్త తడిశాం అన్నాడు."

ట్రినా తల పట్టుకుంది. "నొప్పి ఎప్పట్నుంచి?"

"ఎరుపు దగ్గర్నుంచి."

"చిరిగిన కండరం అతుక్కోవాలంటే దానికి పని చెప్పాలి. ఎంత పని చెప్పాలో నాకు తెలిసేది మీ నోటి నుంచే." నీలం పట్టీ ఇక వద్దని పసుపు పట్టీ చేతిలో పెట్టింది.

"ఇది మా మనవరాలు లాగుతుంది."

"అయితే ఆమెతో కలిసి లాగండి."

"మరి సోమవారం?"

"కుదరదండీ. క్రిస్మస్ తర్వాత చూద్దాం."

ఇంటికెళ్లే దారిలో కారు రేవు దగ్గర ఆపించాడు. హ్యూబర్ట్ పడవ మీద బోన్లు పేరుస్తున్నాడు.

"ఏం బావా, భుజం ఎలా ఉంది?"

"పర్వా..." డెల్బర్ట్ ఆగాడు. కారులోంచి ఒడెట్ చూస్తోంది. "నొప్పిగా ఉందిరా."

హ్యూబర్ట్ చేతిలో బోను కింద పెట్టేశాడు. రేవులో ఆ మాట ఎవరూ అనరు. అతని తండ్రికి వేలు తెగినప్పుడు కూడా అనలేదు.

"అంత ఘోరమా? చచ్చిపోతున్నావా ఏంటి?"

"లేదురా వెధవా. నొప్పి, అంతే."

"సోమవారానికి ఇంకొకణ్ని చూసుకోనా మరి?"

డెల్బర్ట్ పడవ అంచు వైపు చూశాడు. తన చేతులు పడి అక్కడ రంగు పోయింది.

"చూసుకో."

ఇంటికొచ్చి పసుపు పట్టీ తలుపు పిడికి కట్టాడు. లాగాడు. నొప్పి లేదు. నొప్పి లేనందుకు అతనికి ఇంకా కోపం వచ్చింది. మళ్లీ లాగాడు.

"ఎలా ఉంది?" అని అడిగింది ఒడెట్.

"నన్నడగకు," అన్నాడు. ఇంకోసారి లాగి, "కొంచెం పట్టేస్తోంది. వెనక వైపు," అన్నాడు.