శనికి కడియం

"దేవుడు ఏదీ ఊకెనే చెయ్యలే" అన్నది చంద్రమ్మ, అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ. "ఎద్దును దున్నతందుకు చేసిండు. బర్రెను పాలకు చేసిండు. కోడిని గుడ్లకు చేసిండు." అక్కడిదాకా వచ్చి, ఎదురుగా బూడిదతో లాంతరు చిమ్నీలు తుడుస్తున్న కోడలి వైపు ఒకసారి చూసి, మిగతా మాట మింగేసి, మళ్లీ చింతపండు మీదికి వంగింది.

ఆ మింగిన మాట యేసుమణికి గట్టిగానే వినబడింది. పెళ్లయి పదకొండేళ్లు. కడుపు పండలేదు. మొదటి నాలుగేళ్లు ఆ మాట పైకే అనేవారు, తర్వాత పక్కింటివాళ్లతో అనేవారు, ఇప్పుడిలా సగంలో ఆపేస్తున్నారు. అన్న మాట కాసేపటికి పోతుంది గానీ ఆపిన మాట ఇంట్లోనే తిరుగుతుంటుందని ఆమెకు ఇన్నేళ్లలో తెలిసివచ్చింది. పంజగుట్ట క్రైస్తవ సంఘం గుడిలో ఏడు లాంతర్లు. శనివారం శనివారం వాటి చిమ్నీలు తుడిచే పని ఆమెకు ఎలా వచ్చిందో కూడా అలాంటి కథే. పెళ్లయిన మూడో ఏట సంఘపెద్ద రాజనర్సయ్య, "సాలమన్ ఇంట్ల పిల్లా జెల్లా లేరు గద, ఆమెకు తీరిక ఉంటది" అన్నాడు. అంతే. నాలుగింటికి లేచి జొన్నలు విసిరి, బావి నుంచి పది బిందెలు మోసి, వంట చేసి, అత్త మోకాళ్లకు నూనె రాసి, మొగుడి కోటుకు బ్రష్షు కొట్టి పంపేదాకా నడుము వాల్చనిదానికి తీరిక ఎక్కడిదని అడిగినవాళ్లు లేరు. అడగాలని ఆమెకు కూడా తోచలేదు.

సాలమన్ బేగంపేట రైల్వే స్టేషనులో పార్సిల్ గుమాస్తా, సంఘానికి కార్యదర్శి. కొట్టేవాడు కాదు, తాగేవాడు కాదు. అందుకే యేసుమణి ఎవరితోనూ ఏమీ చెప్పుకోలేకపోయేది. మెదక్‌లో మిషనువాళ్ల బోర్డింగులో ఉండి ఏడో తరగతి పాసైన పిల్ల అని ఏరికోరి చేసుకున్నాడు. ఇంటికి ఎవరైనా భోజనానికి వస్తే మాత్రం, "మా ఆమె జర చదువుకున్నది లెండి, గందుకే వంట ఆలస్యమైతది" అని నవ్వించేవాడు. ఇద్దరే ఉన్నప్పుడు కొంచెం మెత్తగా, "నువ్వు తెలివిగలదానివే మణీ. గని ఆ తెలివిని ఏం చేసుకుంటం?" అనేవాడు. ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు ఆదివారం ఉదయం దొరికేది. ఆరాధనకు ముందు గుడి వెనక వేపచెట్టు కింద ఇరవై ఇద్దరు పిల్లలకు ఆమె ఆదివారం బడి చెప్పేది. ఆ గంటసేపు ఆమె కోడలు కాదు, గొడ్రాలు కాదు, టీచరమ్మ.

పంతొమ్మిది వందల నలభై ఒకటి, ఫిబ్రవరి. పొద్దుగూకగానే పడమట రెండు పెద్ద చుక్కలు, రెండు వేళ్ల ఎడంలో, పక్కపక్కనే కనబడుతున్నాయి. గురుడూ శనీ ఒకచోట చేరాయని అమీర్‌పేట బజారంతా అదే మాట. ఎక్కడో యుద్ధం జరుగుతున్నది, గ్యాసునూనె దొరకడం లేదు, జనం అన్నిటికీ ఆ రెండు చుక్కలనే చూపించారు. రాజనర్సయ్య ప్రార్థన కూటంలో లేచి, అది లోకాంతానికి సూచన అని, పాపులకు దేవుడు చూపిస్తున్న రెండు దీపాలని చెప్పాడు. ఆ ఆదివారం బడిలో పిల్లలెవరూ పాట ఎత్తుకోలేదు. బోరబండలో రాళ్లు కొట్టే పెంటయ్య బిడ్డ రూతమ్మకు తొమ్మిదేళ్లు. ఆ పిల్ల మూడు రోజులుగా అన్నం ముట్టడం లేదట. "టీచరమ్మా, గవి రెండు తాకితే మా నాయిన సచ్చిపోతడా?" అని అడిగింది.

"నాకు తెలవదు బిడ్డా" అంది యేసుమణి. తెలియదని చెప్పడానికి సిగ్గుపడలేదు గానీ, తెలుసుకోకుండా మళ్లీ ఆ పిల్ల ముఖం చూడకూడదనుకుంది.

గోడ అవతలి ఇల్లు ఖుర్షీదాది. ఆమె భర్త అబ్దుల్‌ బేగంపేట దగ్గర గుమ్మటాల బంగళాలో పనివాడు. దుర్బీనుతో ఆకాశం చూసే దొరలకు గుమ్మటాన్ని మోకు పట్టి తిప్పుతాడు. యేసుమణి గోడ మీంచి సంగతి అడిగితే ఖుర్షీదా నవ్వింది.

"గవి తాకేది లేదు, సచ్చేది లేదు అక్కా. కండ్లకే దగ్గర. ఒకదానికొకటి కోట్ల మైళ్ల దూరమంట. దీపాలు సుత కావంట. దునియాలంట, మన దునియా లెక్క. మా ఆయన తన కండ్లతోని చూసిండు."

"నాకు చూడాలని ఉన్నది ఖుర్షీదా."

"బేస్తవారం పనోళ్ల ఇంటోళ్లను రానిస్తరు. నేను వోతున్న. నువ్వు నా అక్కవని చెప్త."

ఆ గురువారం యేసుమణి పొద్దున్నే రాత్రి వంట కూడా చేసిపెట్టి, అత్తతో ఖుర్షీదా వెంట పోతున్నానని మాత్రం చెప్పి సాయంత్రం బయలుదేరింది. అమీర్‌పేట దాటి, చెరుకుబండ్ల వెనక నడిచి, దీపాలు పెట్టే వేళకు గుమ్మటం చేరారు. లోపల చీకటి, నూనె వాసన. అబ్దుల్‌ మోకు లాగుతుంటే పైకప్పు గరగరమని తిరిగి, ఆ చీలికలోంచి ఆకాశం కొద్దిగా లోపలికి వచ్చింది. నిచ్చెనలాంటి మెట్లెక్కి, కొంగు నోటికి అడ్డంపెట్టుకుని, ఒక కన్ను మూసి ఆమె చూసింది.

ముందు ఏమీ కనబడలేదు. తర్వాత కనబడింది. శని, లేత పసుపు రంగులో చిన్న బంతి, దాని చుట్టూ కడియం. చేతికి తొడిగినట్టు ఒరుసుకుని లేదు. ఎక్కడా తాకకుండా, ఏ ఆధారమూ లేకుండా, కొంచెం పక్కకు వంగి నిలబడి ఉంది. ఎవరో కావాలని, తీరుబడిగా కూర్చుని చేసినట్టుంది. తర్వాత దుర్బీను జరిపి గురుణ్ణి చూపించారు. పొట్ట మీద చారలు, పక్కన వరసగా నాలుగు చుక్కలు. అవి దాని చందమామలట. ఒకటి కాదు, నాలుగు.

"అక్కడ మనుషులున్నరా అన్నా?" అని అడిగింది కిందికి దిగి.

"ఎవ్వలు లేరంటరమ్మా. ఒట్టిగనే తిరుగుతుంటయంట."

"మరి ఎవరి కోసం చేసిండు?"

అబ్దుల్‌ మళ్లీ మోకు అందుకున్నాడు. తిరిగి వస్తుంటే ఖుర్షీదానే అన్నది. "నమాజుల రోజు అంటనే ఉన్న అక్కా, అల్లా అన్ని దునియాలకు మాలిక్ అని. ఒక్క దునియాకు అనలేదు. నోటితోని అన్న గని, ఎన్ని అని ఎన్నడు అనుకోలే."

యేసుమణి చిన్నప్పుడు బోర్డింగులో బట్టీపట్టిన సృష్టి కథను మనసులో మొదటినుంచీ చదువుకుంటూ నడిచింది. నాలుగోనాడు సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ చేశాడు. చుక్కల ముచ్చట ఒక్క మాటలో అయిపోతుంది, వాటిని కూడా చేశాడని. చేసి, చూసుకుని, బాగుందనుకున్నాడు. మనిషి పుట్టింది ఆరోనాడు. అంటే ఆయన బాగుందనుకున్ననాడు ఆ చుక్కలను వాడుకునేవాడు లేడు, మెచ్చుకునేవాడు లేడు. ఆమె రోడ్డు మధ్యలో ఆగిపోయింది. ఆ కథ ఆమె వెయ్యిసార్లు చదివింది, వందసార్లు పిల్లలకు చెప్పింది. ఎద్దు దున్నడానికి, బర్రె పాలకు అని అత్త చెప్పే వరస ఆ కథలో ఎక్కడా లేదు. పనికొచ్చిందా లేదా అని ఆయన అడగలేదు. అడిగింది రాజనర్సయ్య, చంద్రమ్మ, సాలమన్, తనను చూడవచ్చిన ప్రతి మంత్రసాని. పదకొండేళ్లుగా తన ఒంటిని తానే ఒక ఉపయోగం లేని పాత్రలా చూసుకుంది. ఇప్పుడు ఆ ఒంటితోనే, వీపు నిటారుగా పెట్టి, పంజగుట్ట దాకా నడిచింది. అలా నడిచి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు.

ఆదివారం పిల్లలకు చూసింది చూసినట్టు చెప్పింది. మన్నులో పుల్లతో బంతి గీసి కడియం గీసింది. "గవి మనను భయపెట్టేతందుకు కాదు బిడ్డా, మనకు దీపం పట్టేతందుకు సుత కాదు. వాటి బతుకు వాటిది."

"మరి దేవుడు ఎందుకు చేసిండు టీచరమ్మా?" అంది రూతమ్మ.

"చెయ్యబుద్ధయింది, చేసిండు. ముద్దుగున్నయని ఉంచుకున్నడు."

ఆ రోజు రూతమ్మ ఇంటికి పోయి రెండుసార్లు అన్నం పెట్టించుకుందని పెంటయ్య వచ్చి చెప్పాడు. అదే మాట బస్తీలో నలుగురికీ చెప్పాడు. రాజనర్సయ్యకూ చేరింది.

బుధవారం సాలమన్ ఇంటికి వచ్చి కోటు విప్పకుండానే కూర్చున్నాడు. "తురకామె ఎంబడి గుమ్మటం ఎక్కినవంట. పెద్దాయన సూచన అంటే నువ్వు కాదన్నవంట. నేను కార్యదర్శిని మణీ. రేపు నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలె? ఆదివారం అందరి ముంగట లేచి, తెలవక చెప్పిన అను. అయిపోతది."

"తెలిసే చెప్పిన" అంది ఆమె, అతని ముందు మంచినీళ్ల చెంబు పెడుతూ.

"తెలిసి ఏం చేస్తవ్? ఉన్న ఒక్క పని అది. పిల్లలు లేనిదానివి, మందిపిల్లలకు చెప్పే పని సుత పోతే, ఇగ దేనికున్నవ్ నువ్వు?"

అతను ఆ మాట కోపంతో అనలేదు, నిజంగానే బాధపడుతూ అన్నాడు. అందుకే ఆమె కూడా నెమ్మదిగానే చెప్పింది. "దేనికీ కాదు. ఉన్న."

ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరినీ లేవనివ్వలేదు. పాస్టరు యేసురాజు గారిది గుంటూరు వైపు, మంచి మనిషి, గట్టిగా మాట్లాడడు. ముందు రాజనర్సయ్య లేచాడు. "ఆకాశంల దీపాలు మనకు సూచనల కోసమే పెట్టిండని రాసి ఉన్నది. మనుషులు లేని లోకాలు చేసేతందుకు దేవుడేమన్న పనిలేనోడా? ఆమె తప్పు చెప్పిన అంటే చాలు. ఇగ దేనికీ పట్టుపట్టం."

యేసుమణి లేచి నిలబడింది. ఆడవాళ్ల వైపు చాపల మీద గుసగుసలు ఆగిపోయాయి.

"దీపమంటే ఏందో ఈ గుడిల నాకు తెలిసినంత ఎవలకు తెలవదు పెద్దయ్యా. ఎనిమిదేండ్ల సంది తుడుస్తున్న. దీపం మనం చూసుకునేతందుకు పెట్టుకుంటం. నేను గక్కడ చూసింది దీపం కాదు. దానికి కడియం ఉన్నది. ఆ కడియం మన కండ్లకు ఆనదు. మన తాతలకు ఆనలే, వాళ్ల తాతలకు ఆనలే. మనకు సూచన చెయ్యాలనుకుంటే ఆనేటట్టే చేస్తుండె గద. ఎవ్వలు చూడకున్నా, ఎవ్వలకు పనికి రాకున్నా, అంత మంచిగ చేసిండు. మనిషి పుట్టకముందే చేసి, మంచిగున్నదనుకున్నడు. పనికొస్తేనే మంచిది అనేటోళ్లం మనం. ఆయన గట్ల అనలే."

పాస్టరు గారి భార్య లీలాకుమారి విసనకర్ర ఊపడం మానేసి తలెత్తి చూసింది. మగవాళ్ల వైపు ఎవరో దగ్గారు. యేసురాజు గారు లేచి, "అమ్మా, మీరు చెప్పింది తప్పని నేను అనట్లేదు" అన్నారు. "కానీ అది చెప్పాల్సింది మీరు కాదు. సంఘానికి ఒక క్షమాపణ ఉత్తరం రాసివ్వండి. ఇచ్చేదాకా ఆదివారం బడి ఇంకొకరు చూస్తారు."

తప్పు కాదట. కానీ తను చెప్పకూడదట. దారిపొడుగునా ఆ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూసుకుంది యేసుమణి. అవి ఒకదానికొకటి అతకలేదు.

మర్నాడు పొద్దున సాలమన్ తన గుండ్రటి చేతిరాతతో ఉత్తరం తానే రాసి, సిరా ఆరబెట్టి, బల్ల మీద పెట్టాడు. "ఒకపారి చదువుకో. పొద్దుగూకినంక నేనే దస్తకతు పెట్టి ఇచ్చొస్త" అని చెప్పి స్టేషనుకు పోయాడు. అంట్లు తోమి, చెయ్యి తుడుచుకుని, ఆమె ఆ కాగితం చదివింది. "నా భార్య తెలియక పలికిన మాటల వలన సంఘమునకు కలిగిన నొప్పికి నేను క్షమాపణ వేడుకొనుచున్నాను" అని ఉంది. మూడుసార్లు చదివింది. తప్పు తనది, క్షమాపణ ఆయనది. తన పేరు ఆ కాగితంలో ఎక్కడా లేదు. నవ్వొచ్చింది. పలికింది తను, గుమ్మటం ఎక్కింది తను, అందరి ముందు నిలబడింది తను, చివరికి క్షమాపణ అడుక్కోవడానికి కూడా తను అక్కర్లేదు.

కలం సిరాలో ముంచి "నా భార్య" అన్నదాన్ని కొట్టేసి, పైన "యేసుమణి" అని రాసింది. "తెలియక" కొట్టేసి "తెలిసి" అని రాసింది. "పలికిన మాటల" చివర ఒక్క అక్షరం దిద్ది "మాటలు" చేసి, ఆ తర్వాత ఉన్నదంతా కొట్టేసింది. ఇప్పుడు ఆ వాక్యం "యేసుమణి తెలిసి పలికిన మాటలు" అని నిలిచింది. దాని కింద, గుడిలో తాను చెప్పిన మాటలన్నీ బోర్డింగులో నేర్చిన చేతిరాతతో వరసగా రాసి, పూర్తి పేరుతో సంతకం పెట్టింది.

గడప దాటుతుంటే చంద్రమ్మ అడిగింది. "ఎక్కడికి? వాడు వచ్చినంక వోదువు గని."

"నా మాటలు అత్తమ్మా. నేనే ఇచ్చొస్త."

యేసురాజు గారు కాగితాన్ని రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశారు. "ఇదేంటమ్మా, క్షమాపణ లేదే ఇందులో?"

"లేదయ్యగారూ."

"సంఘానికి వచ్చిన కాగితం గనక మినిట్సు పుస్తకంలోకి ఎక్కించాల్సిందే. ఒకసారి ఎక్కిందంటే కొట్టెయ్యడం ఉండదు. మనమంతా పోయాక కూడా ఉంటుంది. ఆదివారం బడి మీకు మళ్లీ రాదు. ఆలోచించుకోండి, ఇంటికి తీసుకెళ్లండి."

ఆమె చెయ్యి చాపలేదు.

"పదకొండేండ్లల ఆ పుస్తకంల నా పేరు ఒక్కపారి సుత లేదయ్యగారూ" అంది. "ఎక్కియ్యున్రి. పేరు తప్పు పోకుంట రాయున్రి."