ఎర్తు గుంట

దివిసీమలో ఓ ఊరికి కరెంటొచ్చిన మరుసటి ఏడే రైసు మిల్లులో ఇస్సాకుకు షాకు కొట్టింది. మిల్లు యజమాని గుడివాడలో ఎవరో తీసిపారేసిన మోటారు కొనుక్కొచ్చాడు. కూతురి పెళ్ళికి పందిరి నిండా రంగు బల్బులు వేయించాడు. స్టార్టరు పెట్టెకు మూత మాత్రం వేయించలేదు. దాని మీద ఖాళీ గోనెసంచి కప్పేవాళ్ళు. వాన జల్లుకు అది తడిసేది. హమాలీ ఇస్సాకు బస్తా దించి, చెమట చేత్తో ఆ గోనె పక్కకు లాగాడు. అంతే.

మిల్లు డ్రైవరు కొండయ్య పరిగెత్తి మెయిను కట్టేసేదాకా చెయ్యి ఊడిరాలేదు. అరచెయ్యి కాలింది. ఎడమ మడమలో చిల్లు పడింది. అయినా మనిషి బతికే ఉన్నాడు. మాట్లాడుతున్నాడు.

"ఈ చెయ్యి నాది కాదన్నట్టుంది, కొండయ్యా," అన్నాడు.

తోటి హమాలీలు గబగబా గొయ్యి తవ్వి అతన్ని మెడదాకా పూడ్చారు.

వాళ్ళకు పిచ్చెక్కి కాదు. వాళ్ళకు దొరికిన చదువు అంతే. లైన్లు లాగడానికి వచ్చిన కరెంటు వాళ్ళు మిల్లు గోడ వారన గుంట తీసి, రేకు పాతి, ఉప్పూ బొగ్గూ పోశారు. దీన్ని ఎర్తంటారు, దారి తప్పిన కరెంటు ఇందులోంచి భూమిలోకి దిగిపోద్ది, రోజూ నీళ్ళు పోస్తుండండి అన్నారు. తడి చేత్తో దేన్నీ ముట్టొద్దన్నారు. సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయారు. యంత్రానికి ఏం చెయ్యాలో చెప్పారు గానీ మనిషికి తగిలితే ఏం చెయ్యాలో చెప్పలేదు. కాబట్టి యంత్రానికి చేసిందే మనిషికీ చేశారు. చుట్టూ మన్ను తొక్కి, ఆ మన్ను మీద బిందెలకొద్దీ నీళ్ళు పోశారు.

నోట్లో మాత్రం చుక్క పొయ్యలేదు.

ఇస్సాకు పెళ్ళాం దయామణి నాట్ల నుంచి పరిగెత్తుకొచ్చేసరికి మొగుడి తల ఒక్కటే నేల మీద కనపడింది. ఆమె కేక వేస్తే ఆ తల నవ్వింది.

"ఏడవకే. నారు పోశారు నన్ను. మొలకొస్తానేమో చూద్దాం. కాసిని మంచినీళ్ళియ్యి, నాలిక పిడచకట్టుకుపోతంది."

ఆమె చెంబు ముంచింది. ఇస్సాకు తల్లి పోలమ్మ ఆ చెంబు లాగేసుకుంది.

"చంపుతావంటే వాణ్ణి? చుట్టూ తడుంటే కరెంటు బయటికి లాగుద్ది. కడుపులో తడి పడిందా, లోపలే పట్టుకుని కూచుంటది."

దయామణి కొండయ్య వైపు చూసింది. మోటారు నడిపేవాడు కదా, తెలుస్తుందనుకుంది. "గుంటకి రోజూ పోస్తావు గదన్నయ్యా. మనిషికి పొయ్యకూడదా?"

"గుంట వేరమ్మా, మనిషి వేరు. తడీ కరెంటూ కలిస్తే ఏమైందో చూశావుగా," అన్నాడు కొండయ్య. అతనికీ అంతకుమించి తెలియదు. తెలియదని ఒప్పుకుంటే డ్రైవరు ఎలా అవుతాడు?

దయామణి వెనక్కి తగ్గింది. పెద్దవాళ్ళంతా ఒక్కమాట మీద ఉన్నారు.

పొద్దుగూకేవేళకి పైకి తీసి ఇంటికి తెచ్చారు. ఇంటి వెనక్కి వెళ్ళి ఉచ్చ పోసుకుంటే నల్లగా వచ్చింది. ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీ మడ్డి ఉంటుందే, ఆ రంగు. దయామణి అత్తను కేకేసింది. పోలమ్మ మాత్రం చేతులు జోడించి, "స్తోత్రం తండ్రీ! కరెంటు దిగిపోతంది," అంది. అప్పుడే వాకిట్లోకి వచ్చిన యజమాని ముక్కు మూసుకుని, "కామెర్లే ఇవి. వీడికి ముందునుంచీ ఉన్నాయి. కరెంటుకీ ఉచ్చకీ ఏం సంబంధమే?" అని వెళ్ళిపోయాడు.

ఇస్సాకు ఆ రాత్రంతా నీళ్ళడిగాడు. పోలమ్మ కుండ ముందు చాప వేసుకుని పడుకుంది. తెల్లారేసరికి ఆ నల్లది కూడా రావడం ఆగిపోయింది. అప్పుడు బస్సెక్కించారు.

బందరు ఆసుపత్రిలో సువర్ణ అనే డాక్టరమ్మ అతని రక్తం తీసి గాజు గొట్టంలో పోసి నిలబెట్టింది. కాసేపయ్యాక దయామణిని పిలిచి చూపించింది.

"ఎర్ర కణాలు అడుక్కి దిగి, పైన పల్చగా పసుపు నీరు తేలాలమ్మా. నీ మొగుడిది చూడు. పైన తేలిందీ ఎర్రగానే ఉంది."

"అంటే ఏంటండీ?"

"బూరెలు వేస్తావుగా. కాగిన నూనెలో బూరె పగిలితే?"

"పూర్ణం బయటికొచ్చుద్దండి. నూనంతా పాడైపోద్ది."

"రక్తంలో ఒక్కో ఎర్ర కణం ఒక్కో బూరె అనుకో. కరెంటు పోయినచోటల్లా పగిలిపోయాయి. లోపలి రంగంతా ఆ పసుపు నీళ్ళలోకి వచ్చేసింది. కండలూ చితికాయి, వాటి రంగూ తోడైంది. రక్తాన్ని వడకట్టి ఉచ్చ తీసే గుడ్డలాంటివి మనకి రెండుంటాయి, మూత్రపిండాలని. ఈ రంగంతా వాటికి అడ్డం పడింది. మొదటి గంట నుంచీ నీళ్ళు దండిగా పోసి ఉంటే కొట్టుకుపోయేదేమో. ఎన్ని నీళ్ళిచ్చారు?"

"ఇవ్వలేదండి."

డాక్టరమ్మ తలెత్తింది. "అసలివ్వలేదా? ఎందుకు?"

"కరెంటు కదండీ," అంది దయామణి.

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. గొట్టాన్ని స్టాండులో పెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది.

"ఇప్పుడిచ్చేదాండీ, మరి? బిందెడు తెస్తాను."

"ఇప్పుడు వద్దు. బయటికి పోయే దారి మూసుకుపోయింది. పోసిందంతా ఒంట్లోనే నిలిచి ఊపిరాడదు. నాలిక తడపడానికి చెంచా, అంతే. ఆ దారి తెరుచుకుంటే బతుకుతాడు."

దయామణి మంచం పక్కన చెంచా పట్టుకుని కూర్చుంది. ఇస్సాకు మొహం ఉబ్బింది. మంచం కింది ఉచ్చ సీసా ఖాళీగానే ఉంటోంది. ఆమె మాటిమాటికీ వంగి దాన్నే చూసేది. అతను నీళ్ళడిగినప్పుడల్లా చెంచా నాలిక మీద పెట్టేది. మొదట్లో ఏడుపొచ్చింది. తర్వాత రాలేదు.

"మా అమ్మ ఇయ్యొద్దంది. డాక్టరమ్మా ఇయ్యొద్దంది. ఇద్దరూ కూడబలుక్కున్నారా ఏందే?" అన్నాడు ఇస్సాకు ఒక పూట.

"అదీ ఇదీ ఒకటి కాదంట."

"నాకు ఒకటేగా."

ఆమె అతని చెయ్యి గిల్లి, తెలుస్తోందా అని అడిగింది. లేదన్నాడు. ఆమె తన చెయ్యి కూడా గిల్లుకుని చూసుకుంది.

యజమాని గుమాస్తాను పంపాడు. వాడు రోగిని చూడనైనా చూడకుండా, కామెర్లని రాయమని డాక్టరమ్మను అడిగాడు. ఆమె వాణ్ణి వార్డు బయటికి పంపేసింది. రాయలేదు. దాంతో సీసా నిండుతుందా? నిండలేదు.

ఆదివారం సాయంత్రం డాక్టరమ్మ నాడి చూసి, దయామణి భుజం మీద చెయ్యి వేసి, "ఇంక ఏమడిగితే అదివ్వమ్మా," అంది.

దయామణి కుళాయి దగ్గరికి వెళ్ళి గ్లాసు నిండా పట్టుకొచ్చింది. తల ఎత్తి తాగించింది. సగం మెడ మీదుగా కారింది. ఇస్సాకు కళ్ళు తెరవకుండానే, "చల్లగున్నాయే," అన్నాడు. ఇంకా కావాలన్నాడు. ఇంకోటి పట్టుకొచ్చేసరికి అడగడం మానేశాడు. ఆ గ్లాసు ఆమె తాగేసింది. ఎందుకు తాగిందో ఆమెకు తెలియదు.

శవాన్ని పేటలోకి తెచ్చి వాకిట్లో బల్ల మీద పడుకోబెట్టారు. కొండయ్య దూరంగా నిలబడ్డాడు. బందరులో డాక్టరమ్మ చెప్పిందంతా దయామణి అప్పటికే అత్తకు చెప్పింది. అప్పజెప్పినట్టు చెప్పింది, ఒక్క మాట పెంచలేదు, తగ్గించలేదు. పోలమ్మ అంతా విని, పొయ్యి రాజేసి నీళ్ళు కాచింది.

స్నానం చేయించే వేళైంది. పోలమ్మ చెంబు ముంచింది. కొడుకు తల దగ్గర ఎత్తి పట్టుకుంది. చెంబు వంచలేదు. కోడలి మొహంలోకి చూసింది.

"పొయ్యొచ్చా అమ్మాయ్?"

"పొయ్యత్తా," అంది దయామణి.