ఓడంతా తిరిగిన అత్తగారు

పత్రికలో ప్రయాణాల శీర్షిక రాసే కోడలు, రాత్రంతా నడిచే ఓడలో సదుపాయాల గురించి రాద్దామని అత్తగారిని వెంటబెట్టుకుని ఎక్కింది. ఓడ రేవు దాటగానే కడుపులో తిప్పి మంచం దిగలేకపోయింది. అత్తగారు మాత్రం నోట్‌బుక్ చంకన పెట్టుకుని ఓడంతా కలియదిరిగి, తెల్లారేసరికి గదికి వచ్చింది.

"రాసుకోవే. దుప్పట్లు శుభ్రం. టీ మాత్రం ఉత్త కుడితి. స్నానాల గదికి గొళ్లెం పడదు. పాట పాడుతూ నీళ్లు పోసుకున్నాను."

"ఎవరికైనా చెప్పారా అత్తయ్యా?"

"కెప్టెన్‌కే చెప్పాను. పాపం, సిగ్గుపడి అప్పటికప్పుడే బాగుచేయించాడు. మంచివాడే, అదీ రాయి."

కోడలు నీరసంగానే నవ్వుతూ, ఒక్క ముక్క మార్చకుండా రాసుకుంది. అచ్చులో తన పేరుకంటే ముందు అత్తగారి పేరు వేయించింది.