పోలమ్మ చుట్టల డబ్బా

నేను ఒక రేకు డబ్బాని. పిప్పరమెంట్ల కోసం పుట్టి చుట్టలతో పెరిగినదాన్ని. నేను ఖాళీ అయ్యాక, భీమిలి దగ్గర చేపలమ్మే పోలమ్మ నన్ను కొట్టువాడి దగ్గర అడిగి తీసుకుంది. నా మూత గట్టిగా పడుతుంది, సముద్రపు తడి లోపలికి రానివ్వను. అందుకని నా కాపురం ఆవిడ రొంటినే సాగింది.

మా తీరంలో చాలామంది ఆడవాళ్లు చుట్టని తిరగేసి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దాన్ని అడ్డపొగ అంటారు. అలాగైతే గాలికి ఆరదట. నోట్లో నిప్పు పెట్టుకునే పోలమ్మే అన్నం కాలుతోందని ఊదుకుని తింటుంటే నాకు భలే నవ్వొచ్చేది.

నవ్వు రాని సంగతి ఒకటుంది. ఆవిడ రోజూ కోడలు నూకరత్నం వంటకి వంక పెట్టేది. "ఏటే, ఉప్పెయ్యడానికి సెయ్యి రాదేటి?" అని ఇరుగుపొరుగు వినేలా అడిగి, తనే ఇంత ఉప్పు పులుసులో కలిపేది. నూకరత్నం మొహం చిన్నబోయేది. మర్నాడు ఇంకాస్త ఎక్కువే వేసేది, అదీ చాలేది కాదు.

ఒకసారి రేవులో పళ్ల డాక్టరమ్మ శిబిరం పెట్టింది. పోలమ్మ నోట్లోకి లైటు వేసి చాలాసేపు చూసింది.

"అంగిలి మీద తెల్లమచ్చలున్నాయమ్మా. చుట్ట మానేస్తే తగ్గొచ్చు. మానకపోతే కేన్సరుకి దారితీయొచ్చు. ఆ చుట్టల డబ్బా ఇంట్లోవాళ్లకిచ్చెయ్యి. మనసు లాగినప్పుడు లవంగం నోట్లో వేసుకుని ఏదో పనిలో పడు. ఆ లాగుడు కాసేపే ఉంటుంది."

పోలమ్మకి భయమేసింది. ఇంటికొస్తూనే నన్ను తీసి కోడలి చేతిలో పెట్టింది.

"నానడిగినా ఇవ్వకు. తిట్టినా ఇవ్వకు."

పొద్దున లేస్తే తిట్టే కోడల్నే నమ్మింది చూడండి. నేను గూట్లోకి చేరాను. మొదటి వారం పిల్లి కూడా పోలమ్మకి ఎదురుపడలేదు. తలనొప్పి, చిరాకు, నిద్ర లేదు. "ఒక్కటంటే ఒక్కటియ్యవే" అని బతిమాలింది, ఏడ్చింది. నూకరత్నం లవంగం చేతిలో పెట్టి, తోమాల్సిన చేపలు ముందుకు తోసేది. తిట్లు తింది గాని నన్ను మాత్రం ఇవ్వలేదు.

రోజులు గడిచేకొద్దీ దగ్గు తగ్గింది. గంపతో ఇసకదిబ్బ ఎక్కుతూ మధ్యలో ఆగడం మానేసింది. మళ్లీ శిబిరం పెట్టినప్పుడు మచ్చలు పలచబడ్డాయని డాక్టరమ్మ చెప్పింది. ఆ మధ్యాహ్నమే పోలమ్మ హుషారుగా నెత్తళ్ల చేపల పులుసు కలుపుకుని, మొదటి ముద్ద దగ్గరే ఆగిపోయింది.

"ఇదేటే, ఉప్పు కషాయంలాగుంది?"

"నీకు సరిపోవాలని ఏసిందే గదత్తా. రోజూ ఏసినంతే."

"ఇన్నాళ్లూ మీరందరూ ఇదే తిన్నారేటి?"

"తిన్నాం."

తప్పు వంటది కాదని, పొగకి మొద్దుబారిన తన నాలికదేనని పోలమ్మకి తెలిసొచ్చింది. చెయ్యి కడుక్కుని నన్ను గూట్లోంచి దింపింది. మిగిలిన చుట్టలు పొయ్యిలో పడేసింది. చింతపండుతో నన్ను కసిదీరా తోమి, తుడిచి, ఉప్పు నింపి, నూకరత్నం పక్కన పెట్టింది.

"ఇకమీద ఎంతెయ్యాలో నువ్వే సూసుకో, అమ్మా."

ఆవిడ కోడల్ని 'అమ్మా' అనగా నేను వినడం అదే మొదలు. నూకరత్నం పొయ్యి వైపు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుంది. పొగ కళ్లల్లో పడిందంది.

ఉప్పు రేకుని తినేస్తుంది. నా అడుగున అప్పుడే ఎర్రగా తుప్పు మొదలైంది, ఎంతో కాలం ఉండను. పోలమ్మ నోరు మాత్రం బాగుపడుతోంది. నాకదే సంతోషం.