ఆకుపచ్చ బ్రష్

పెళ్లయి నలభై రోజులు. అత్తవారింట్లో నా చేత్తో మొదట కొన్నవి నాలుగు టూత్‌బ్రష్‌లు. నాలుగు రంగులు, ఒకే గ్లాసులో. పొద్దున్నే వాటిని చూస్తే చాలు, ఈ ఇంట్లో నాకూ ఒక చోటు ఉందని నవ్వొచ్చేది. మావయ్యగారిది ఆకుపచ్చది.

ఆయన దర్జీ. మా ముందుగదిలోనే కుట్టుమిషను. గుండెలో కవాటం మార్చినప్పటి నుంచీ, ఆరేళ్లుగా, రక్తాన్ని పలచబరిచే మాత్ర వేసుకుంటున్నారు. నెల క్రితం వీధి చివరి డాక్టరు కొలెస్ట్రాల్ తగ్గడానికి ఇంకో మాత్ర రాశారు. పాత చీటీ బీరువాలో, కొత్త చీటీ మిషను సొరుగులో. ఒకదాని మొహం ఇంకొకటి చూడలేదు.

ఒకరోజు ఆకుపచ్చ బ్రష్ పొడిగా కనిపించింది. మర్నాడూ అంతే. మావయ్యగారు వేలితో తోముకుంటున్నారని అత్తయ్య చెప్పేసరికి మనసు చివుక్కుమంది. వెళ్లి అడిగాను. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తకుండానే చెప్పారు.

"బ్రష్ బంగారంలాంటిదమ్మా. నా చిగుళ్లకే పొగరు, నెత్తురొస్తోంది. ముచ్చటపడి కొన్నావు, ఎలా చెప్పను?"

వారం రోజులుగా దాచారట. కోడలి మీద ప్రేమ చిగుళ్లలోంచి కారుతోందని అత్తయ్య దెప్పింది.

మెత్తటి బ్రష్ కోసం మందుల షాపుకి పరుగెత్తాను. జేబు చిరిగిన తెల్లకోటు వేసుకున్న షాపావిడ బ్రష్ తీస్తూనే ఎవరికని, ఏం మందులు వాడుతున్నారని అడిగింది. రెండు మాత్రల సంగతీ చెప్పాను. ఆవిడ చేయి ఆగిపోయింది.

"తప్పు బ్రష్‌ది కాదమ్మా. ఇలాంటి కొలెస్ట్రాల్ మాత్ర తోడైతే కొందరికి రక్తం మరీ పలచబడిపోతుంది. ఒంటి మీద కమిలిన మచ్చలున్నాయేమో చూడండి. మాత్రలు సొంతంగా మానకండి. ఇప్పుడే గుండె డాక్టరుకి ఫోన్ చేసి, రక్తపరీక్ష చేయించండి."

ఇంటికొచ్చి మావయ్యగారి చొక్కా చేయి పైకి మడిచాను. మోచేతి కింద అరచేయంత కమిలిన మచ్చ. బల్ల తగిలిందనుకున్నారట. మా ఆయన తండ్రిని గాజుబొమ్మను తీసుకెళ్లినట్టు ఆసుపత్రికి తీసుకెళ్లారు. రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్షలో, మూడు లోపు ఉండాల్సిన అంకె ఆరు దాటింది. ఇంకో వారం గడిచి ఏ దెబ్బో తగిలుంటే, అని డాక్టరు మాట అక్కడే ఆపేశారట. రెండు రోజులు రక్తం మాత్ర ఆపించి, మోతాదు తగ్గించి, కొలెస్ట్రాల్ మాత్ర మార్చి, మళ్లీ పరీక్షకు రమ్మన్నారు.

పది రోజులకు అంకె దారికొచ్చింది. ఆ కబురు వినగానే మావయ్యగారు టేపు నా చేతిలో పెట్టారు.

"షాపావిడ కోటు జేబు చిరిగిందన్నావుగా. కొలతలు పట్రా, కొత్తది కుడతాను."

కోటుతో పాటు మిగిలిన గుడ్డతో ఒక సంచీ కూడా కుట్టారు, రెండు చీటీలూ ఒకేచోట ఉండేలా. అది ఇప్పుడు తలుపు పక్కన మేకుకు వేలాడుతోంది.

ఇవాళ పొద్దున గ్లాసులో చూశాను. మెత్తటి బ్రష్ కూడా ఆకుపచ్చదే తెచ్చాను లెండి. తడిగా ఉంది.