జానకక్క ఒడిబియ్యం

మా బావ చొక్కారావుకీ, ఆయన బావమరిది శ్రీధర్‌రావుకీ పౌరుషం పాలు కాస్త ఎక్కువ. ఆ పౌరుషం వాళ్ల దగ్గరే ఉండిపోతే నాకేం నొప్పి లేదు. మధ్యలో నా తోటికోడలు జానకక్క గుండె ఉంది.

తొంభై ఒకటిలో హైదరాబాద్ డాక్టరు తేల్చి చెప్పాడు. చిన్నప్పటి కీళ్లజ్వరం వల్ల అక్క గుండెలో ఒక కవాటం బిగుసుకుపోయింది, గుండె లయ తప్పింది. లోపల నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతమే.

"ఇప్పటికైతే గడ్డ లేదు. తొడ దగ్గరి నరంలోంచి బెలూను పంపి కవాటం తెరిస్తే ఆ ముప్పు చాలా తగ్గుతుంది. అందాకా మాత్రలు మానొద్దు, ఆలస్యం చేయొద్దు" అన్నాడు.

మా ఊరు ఇచ్చోడకు తిరిగొచ్చాక మా అత్త అడ్డుపుల్ల వేసింది. "ఒడిబియ్యం పొయ్యక ఎన్నేండ్లాయె! తల్లిగారు ఒడి నింపకుంట కోడల్ని ఆపరేషన్‌కు ఎట్ల తోలియ్యాలె?"

తల్లిగారంటే పుట్టింటివాళ్లు; అక్కకు ఆ వైపు మిగిలింది చెన్నూరులో ఉన్న ఒక్క అన్న, ఆ శ్రీధర్‌రావే. తన కొడుకు పెళ్లికి తాను వచ్చి పిలవకుండా జీతగానితో పత్రిక పంపాడని మా బావ ఆయనతో మాట మానేశాడు. ఇప్పుడు చెల్లెలి కొంగులో ఒడిబియ్యం పోయడానికి రమ్మని కబురు పెడితే, "బావనే వచ్చి పిలువాలె" అని జవాబొచ్చింది.

"నేనెందుకు పోత? పిల్లనిచ్చినోడు వాడు. వాడే రావాలె" అన్నాడు మా బావ.

నాకు ఒళ్లు మండిపోయింది. "రేపు అక్కకు ఏమన్నయితే మీ ఇద్దరి మీసాలు ఏం జేస్తయి బావా?" అని మొహం మీదే అడిగాను.

"నువ్వు లోపటికి పో, తారాబాయి" అన్నాడు. పక్కనే ఉన్న మా ఆయన నేలచూపులు చూశాడు. ఆయన మీద కూడా అసహ్యం వేసింది.

మనిద్దరమే బస్సెక్కి పోదామని అక్కతో అన్నాను.

"నాకు బతుకాలని లేదా తారా? ఒడి నింపుకోకుంట పోతె, ఆడ ఏమన్నయితే మా అన్న మీదికే మాటొస్తది" అంది. ఆ మాటకు ఆమె మీదా కోపం వచ్చింది. ఆసుపత్రివాళ్లిచ్చిన తేదీ దాటిపోయింది. మాత్రలు అయిపోయాయి, ఆదిలాబాద్ నుంచి తెప్పించమని మొత్తుకున్నాను. ఎట్లాగూ ఆపరేషన్ ఉంది కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

పత్తి ఏరే రోజుల్లో ఒక పొద్దున అక్క పొయ్యి ముందే కూలిపోయింది. మూతి వంకరపోయింది, మాట పోయింది, కుడి కాలూ చేయీ పడిపోయాయి.

అప్పుడొచ్చాడు శ్రీధర్‌రావు. ఎవరూ పిలవకుండానే ఆదిలాబాద్ ఆసుపత్రికి, కొత్త చీరతో, పసుపు కలిపిన బియ్యంతో వచ్చాడు. మా బావ ఎదురెళ్లాడు. ఇద్దరూ కావలించుకుని ఏడ్చారు.

"చెల్లె, కొంగు పట్టు" అన్నాడు శ్రీధర్‌రావు.

అక్క ఎడమచేత్తో కొంగు ఒక అంచు పట్టింది. రెండో అంచు పట్టాల్సిన చేయి మంచం మీద పడి ఉంది. పోసిన బియ్యం నేలపాలవుతుంటే మా బావ వంగి ఆ అంచు పట్టుకున్నాడు.

అక్క ఆయన కళ్లలోకి చూసి, తన చేతిలోని అంచు వదిలేసింది.