చుక్కల్లో మంగలి కుర్చీ

కుల్సుమ్ బీకి చెవులు, పెద్దక్కకు కళ్లు. కువైట్‌లోని అబూ హలీఫాలో పక్కపక్క ఇళ్లలో పనిచేసే ఈ ఇద్దరూ కలిస్తేనే ఒక టీవీ సీరియల్ పూర్తయ్యేది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

అది కువైట్ టీవీలో గురువారం సాయంత్రం వచ్చే ఇంగ్లీషు సీరియల్. అందులో ఓ బక్కపల్చటి మంగలాయన. ఆయన కుర్చీకి పిచ్చి. పక్కనున్న పిడి తిప్పితే చాలు, ఆయన్ని ఎత్తుకుపోయి ఏదో ఒక చుక్క మీద పడేస్తుంది. అక్కడ మూడు తలల జీవాలో, ఒళ్లంతా జుట్టున్న రాజులో దాపురిస్తారు. ఈయన పాపం వాళ్లకు క్షవరం చేసి, ఇక ఇంటికి పోదామని కుర్చీ ఎక్కుతాడు. కుర్చీ మళ్లీ ఇంకో చుక్కకే పోతుంది. వారం వారం ఇదే తంతు.

పెద్దక్క పనిచేసే ఇంట్లో వంటగదికీ హాలుకీ మధ్య పెద్ద అద్దాల కిటికీ ఉంది. గిన్నెలు తోముతూ ఆమె టీవీలో బొమ్మంతా చూసేది, మాట ఒక్కటీ వినపడేది కాదు. కుల్సుమ్ బీ ఇస్త్రీ చేసేది హాలు వెనక నడవాలో. అక్కడికి బొమ్మ కనపడదు. కానీ బొమ్మ కింద వేసే అరబ్బీ అక్షరాలను ఇంటి పిల్లలు పైకి చదువుతూ, కొట్లాడుకుంటూ ఉంటే అంతా వినపడేది. ఐదేళ్లుగా ఆ ఇంట్లోనే ఉంది కాబట్టి అరబ్బీ బాగానే పట్టుబడింది. శుక్రవారం పొద్దున బట్టలు ఆరేయడానికి ఇద్దరూ మిద్దెలెక్కితే, నడుమ పిట్టగోడ. చూసింది ఒకరు చెబితే విన్నది ఇంకొకరు చెప్పాలి. పెద్దక్కను బయటికి పంపరు. ఆమె నోటి నుంచి వారానికి నాలుగు తెలుగు ముక్కలు వచ్చేది ఆ గోడ దగ్గరే.

ఆ శుక్రవారం పెద్దక్క బకెట్టు కింద పెట్టకముందే మొదలుపెట్టింది.

"జేరినాడు మే! మంగలాయన ఇల్లు జేరినాడు!"

"నిజమా?"

"నా కండ్లతో చూసినా. తలుపు కొట్టినాడు. పెండ్లాం తీసింది. బిడ్డ వచ్చి కాళ్లకు చుట్టుకున్యాది. ఆయన కత్తెర మేజా మీద పెట్టి, కూలబడి, ఒకటే ఏడుపు. నాకూ ఏడుపొచ్చె. గిన్నెలు తోమేది ఇడిసిపెట్టి నిలబడినా."

కుల్సుమ్ బీ దుప్పటి పిండడం సగంలో ఆపేసింది. ఆమె విన్నది వేరు. ఆ చుక్కకు ఒక మాయ ఉంది. వచ్చినవాడి మనసులో ఏముంటే దాన్నే కట్టి చూపిస్తుంది. చివర్లో ఆ పెండ్లామే చెప్పింది, "మేం నీ తలపులో ఉన్నవాళ్లం, నీ ఇల్లు ఇంకా దూరమే" అని. అది చదివి పిల్లలు గొల్లుమన్నారు.

మామూలుగా అయితే కుల్సుమ్ బీ నోట్లో నువ్వుగింజ నానదు. 'సగం చూసి సంబరపడొద్దు పెద్దక్కా' అని ఎగిరి పడేది. ఈరోజు ఆ మాట అనబుద్ధి కాలేదు. ఎందుకంటే నిన్న ఇస్త్రీ చేస్తూ ఆమె ఇంకో కథ కూడా వింది.

రెండిళ్ల మామాలూ, అంటే యజమానురాళ్లు, అక్కచెల్లెళ్లే. వాళ్లకు స్పీకరు పెట్టుకుని ఫోనులో మాట్లాడుకోకుంటే అన్నం సహించదు. "రెండేళ్లకు వేయించేశావా? మంచి పని చేశావు. అడిగితే ఏడుస్తుంది, అడగకపోవడమే మేలు" అంటోంది ఈ ఇంటి మామా. పెద్దక్క ఇఖామా గురించే, ఆ దేశంలో ఉండటానికి ఇచ్చే అనుమతి కాగితం అది. రంజాన్ పండగ కాగానే ఇంటికి పంపిస్తామని చెప్పినవాళ్లు, ఆమెతో ఒక్క ముక్కయినా అనకుండా ఇంకో రెండేళ్లు పొడిగించేశారు. ఇంట్లోకి గ్యాసు బండ తెప్పించుకున్నంత తేలిగ్గా! పాస్‌పోర్టు వాళ్ల బీరువాలోనే ఉంది, ఇంకేం కావాలి?

రాత్రంతా కుల్సుమ్ బీ కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది. చెబితే ఆ మనిషి ఏం చేయగలదు? తాను మాత్రం ఏం చేయగలదు? చెప్పకపోతే అదొక పాపం.

"ఏమ్మే, నువ్వేం వింటివి?" అని అడిగింది పెద్దక్క.

"అదే పెద్దక్కా. జేరినాడనే చెప్పినారు పిల్లోళ్లు."

గోడ దగ్గర ఆమె ఆడిన మొదటి అబద్ధం అదే. పెద్దక్క ముఖం వెలిగిపోవడం చూసి కుల్సుమ్ బీకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"నేనూ జేరతా మే," అంది పెద్దక్క గొంతు తగ్గించి. "మొన్న మామా నీలం రంగు సూట్‌కేసు తెప్పించె. కొత్తది. నా గది ముందరే పెట్టించి, నన్ను చూసి నగె. ఏమో చెప్పె గాని ఆ మాటలు నాకు తెలిసి సస్తేనా? కండ్లుంటే సాలదా! రాత్రి నా బట్టలన్నీ అందులో సర్దుకున్యా. ఊర్లో ఉండే నా పిల్లోనికని దాచిపెట్టిన కారు బొమ్మ గూడా."

ఆ సూట్‌కేసు సంగతీ కుల్సుమ్ బీ ఆ ఫోనులోనే వింది. అది పెద్దక్క మామా ఎండాకాలం లండన్ పోవడానికి కొనుక్కున్నది. పైన చోటు లేక పనిమనిషి గది ముందు పెట్టించింది. శుక్రవారం పిల్లలతో కూర్చుని సర్దుకుంటానంది. శుక్రవారమంటే ఈరోజే.

"ఒకటే దిగులు మే," అంటోంది పెద్దక్క. "నేను పోతే నీకు బొమ్మ ఎవురు చెప్తారు?"

ఆ మాటకు కుల్సుమ్ బీ ఆగలేకపోయింది. యా అల్లా, ఇంత పిచ్చి మనిషినా నేను మోసం చేస్తున్నది!

"పెద్దక్కా, ఫస్టు కిందికి పో. ఆ పెట్టెలో నీ బట్టలు తీసెయ్. అది నీది గాదు."

"ఏంది నువ్వనేది?"

కుల్సుమ్ బీ చెప్పింది. లండన్ సంగతి చెప్పింది. రెండేళ్ల సంగతి చెప్పింది. అడిగితే ఏడుస్తుందన్న మాట మాత్రం మింగేసింది.

"నేను చూసినా గదా," అంది పెద్దక్క. "నగుతా చూపించె గదా నాకు."

"చూసినావు. ఆయమ్మ ఏమనిందో నీకు తెల్లేదు."

పెద్దక్క బకెట్టులోంచి ఒక తడి గుడ్డ తీసి పిండింది. "అట్లయితే మంగలాయన?" అంది.

"ఆయన గూడా జేరలే. అది ఆయనిల్లు గాదంట."

అప్పుడే కింద నుంచి, త్వరగా రమ్మని మామా కేక వినపడింది. "యల్లా, యల్లా!" పెద్దక్క గుడ్డ అక్కడే పడేసి మెట్ల వైపు పరుగెత్తింది.

కుల్సుమ్ బీ గోడకు ఆనుకుని చెవులు రిక్కించింది. తిట్లు వినపడతాయనుకుంది. దెబ్బలేమైనా పడతాయేమోనని భయపడింది. అలాంటిదేమీ లేదు. ముందు పిల్లలు నవ్వారు. తర్వాత మామా నవ్వింది, ఊపిరాడనంతగా నవ్వింది. ఎవరో ఇంట్లో అందరినీ పిలిచి ఆ పెట్టెను చూపించినట్టున్నారు, మగగొంతులు కూడా నవ్వాయి. తిట్టినా బాగుండేది. గోడ దూకి ఆ పెట్టెను వీధిలో విసిరేయాలన్నంత కోపం వచ్చింది కుల్సుమ్ బీకి. దూకలేదు. ఎలా దూకుతుంది?

చాలాసేపటికి పెద్దక్క పైకొచ్చింది. చంకలో బట్టల మూట, మూట పైన కారు బొమ్మ. మూట గోడ మీద పెట్టి, పడేసిన గుడ్డను దులిపి తీగ మీద వేసింది. ఏడవలేదు.

"అరిసినారా పెద్దక్కా?"

"లేదు మే. మామా మంచిదే, ఏమీ అనలే. కండ్లల్లో నీళ్లు తిరిగేదాంక నగె."

"మరి నువ్వు?"

పెద్దక్క గుడ్డకు క్లిప్పు పెట్టింది.

"అందరూ నా మొగమే సూస్తాండ్రి," అంది. "నేను గూడా నగినా."